మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు అప్పట్లో బళ్లారి జిల్లాలోని ఊళ్లు. జిల్లాలో బడులెన్ని, వాటిలో ఎవరి పిల్లలు చదువుతున్నారు, ఏ పద్ధతిలో చదువుతున్నారు అన్నది ఆ నివేదికలోని విషయం. అంతకు ముందటేడు గవర్నరు థామస్ మన్రో మద్రాసు రాజధాని అంతటా ఈ లెక్క తీయమని ఉత్తర్వు ఇచ్చాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి చేతులు దులుపుకున్నారు. క్యాంప్‌బెల్ మాత్రం బడి అరుగు మీద కూర్చుని చూసినవాడిలా రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్నీ, 1821లో తెలుగు నిఘంటువునూ అచ్చువేయించిన మనిషి కాబట్టి ఆ అరుగు మీద వినబడే మాటలు అతనికి కొత్త కావు.

ఆ నివేదిక చదివినవాళ్లెవరూ మరిచిపోలేని చోటు ఒకటుంది. బడి పొద్దున ఆరింటికే మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవాడు. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తపు దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటే పెరుగుతూ పోయేది. పన్నెండు మందున్న బడిలో ఆఖరువాడి వంతు పది దెబ్బలు. బద్ధకస్తులకు గుంజీళ్లు, మరీ మాట విననివాళ్లకు చేతులు కట్టి పైకి వేలాడదీసే శిక్ష ఉండనే ఉన్నాయి. పోటీని, గౌరవాన్ని, భయాన్ని ఒకే గుమ్మం దగ్గర నిలబెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పటి కోచింగ్ సెంటర్ల ర్యాంకు బోర్డులకు ఇది ముత్తాత అనుకోవచ్చు. అయితే తెల్లవారుజామున గొడ్లకు మేత వేసి, చావిడి ఊడ్చి రావలసిన పిల్లవాడి చేతిలో సరస్వతి పేరు ఎన్నిసార్లు పడి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చింది ఇంకొకటి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, కాబట్టి కాగితం ఖర్చు లేదు. పై తరగతి పిల్లలు కింది పిల్లలకు నేర్పేవారు, పంతులు పైనుంచి కనిపెట్టి ఉండేవాడు. నేర్పుతూ నేర్పుతూ పెద్దవాళ్లకు తమ చదువు గట్టిపడేది. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగిన పనేనని కలెక్టరు రాశాడు. అతని మనసులో ఉన్నది ఆండ్రూ బెల్. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఈ మతాధికారి 1797లో తన అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించే ఆ పద్ధతి ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’గా పేరు తెచ్చుకుంది.

మెచ్చుకున్న కలమే తప్పునూ పట్టింది. రామాయణం, భారతం, భాగవతం, లింగధారుల పిల్లలకు బసవ పురాణం లాంటివి, చేతిపనుల వాళ్ల పిల్లలకు వాళ్ల కుల పురాణాలు, ఇవీ పాఠాలు. పద్యాలన్నీ నోటికి వచ్చేవి. వాటి భాష మాట్లాడే భాషకు దూరం. కాబట్టి చదివేవాడికీ, తరచు చదివించేవాడికీ అర్థం అందేది కాదని అతను విసుక్కున్నాడు. కంఠస్థం చేసే చదువు మీద ఈ ప్రాంతంలో మొదలైన ఫిర్యాదుకు అలా రెండు వందల ఏళ్లు నిండాయి.

ఇక అంకెలు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో తెలుగు నేర్పేవి 226, కన్నడం నేర్పేవి 235, పారశీకం 21, మరాఠీ 23, తమిళం 4, ఇంగ్లీషు ఒకటే ఒకటి, మిగిలినవి సంస్కృత పాఠశాలలు. చదివే పిల్లలు 6,641 మంది. వెయ్యి మంది జనాభాకు ఏడుగురు. అందులో ఆడపిల్లలు 60 మంది.

పూర్వం బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని, పెద్ద బడులున్న చోట డబ్బున్నవాళ్ల పిల్లలు కొద్దిమంది మాత్రమే మిగిలారని అతను రాశాడు. దానికి కారణం చెప్పడానికి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మొహమాటపడలేదు. దేశం బీదదైపోతోంది. మన నూలు గుడ్డల స్థానంలో ఐరోపా సరుకు వచ్చిపడి చేతిపనివాళ్ల రాబడి తగ్గింది. పంతులుకు జీతం ఇచ్చుకోలేని తల్లిదండ్రులు పిల్లల్ని లేత వయసులోనే పనికి తీసుకుపోతున్నారు. 1983లో చరిత్ర పరిశోధకుడు ధరంపాల్ ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ పేరిట ఈ నివేదికలన్నీ అచ్చువేసినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. పాతకాలపు చదువు గొప్పదా, కాదా అన్న వాదనే అందులో ఎక్కువ. మగ్గం ఆడితేనే బడి నడిచిందన్న మాట మాత్రం, నేత ఊళ్లను దగ్గరగా చూసిన కలెక్టరు రాసినదే అయినా, ఆ హడావుడిలో పక్కకు పోయింది. నేత ఊరైన ఎమ్మిగనూరు చరిత్ర తిరగేస్తే అన్నిటికంటే బరువైన మాట అదే. ఇక్కడ పదేళ్లు దాటిన పిల్లల మీద ఎవరు ఎంత ఆశ పెట్టుకున్నా, ఆ ఆశ ఇంట్లోకి వచ్చే కూలిని దాటి పోలేదు.

1826 మార్చిలో మన్రో అన్ని జిల్లాల లెక్కలూ కలిపి తన అభిప్రాయం రాశాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు తేలాయి. మగపిల్లలు సాధారణంగా బడిలో ఉండే వయసు అయిదు నుంచి పది దాకా అని అతను పరిగణించాడు. అంటే అప్పటి ప్రభుత్వం దృష్టిలో పదేళ్ల తర్వాత బడి లేదు. ఆ వయసుకు బడి స్థానంలో వృత్తి వచ్చేది.

ఎమ్మిగనూరులో వృత్తి అంటే మగ్గం. చుట్టుపక్కల గూడేకల్లు, నాగలదిన్నె, ఇటు ఆదోని, అటు కోడుమూరు దాకా కుర్ని, పద్మశాలి, దేవాంగ, తొగట ఇళ్లలో ఇదే బతుకు. నేతపనికి గంట కొట్టే బడి ఉండేది కాదు, తరగతులు మాత్రం ఉండేవి. మొదట రాట్నం. చిలప నూలును కండెలకు చుట్టడం ఏడెనిమిదేళ్ల పిల్లల పని, ముసలివాళ్ల పని. తర్వాత పడుగు. ఆసు పోయడం, పోగుల లెక్క తప్పకుండా చూడటం, తెల్లవారక ముందే వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించడం. ఎండ ముదిరితే గంజి ఆరి పోగు పెళుసెక్కుతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ అక్కడ ఉండాల్సిందే. ఆ తర్వాత అతుకు. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేలకొద్దీ పోగులు. చూపు చురుగ్గా, వేళ్లు సన్నగా ఉన్న పన్నెండేళ్ల వాడే దానికి సరైనవాడు. వీటన్నిటి తర్వాతే మగ్గం గుంటలోకి దిగడం. ఎప్పుడు దిగాలన్నది పిల్లవాడి కాలి పొడవు నిర్ణయించేది. గుంట అంచున కూర్చుంటే పాదం కింది తొక్కుడు పలకకు అందాలి.

గుంటలో కూర్చున్నాక పని నేర్పే పద్ధతి మాటలతో సాగేది కాదు. తండ్రి లేదా మేనమామ పక్క మగ్గం మీద నేస్తుంటాడు. నాడె వెళ్లే చప్పుడు, పలక పడే చప్పుడు ఒక లయలో ఉంటాయి. పిల్లవాడి మగ్గం ఆ లయ తప్పితే తల తిప్పకుండానే తెలిసిపోతుంది. పోగు తెగితే ఆపి అతకాలి, చూడనట్టు ముందుకుపోతే గుడ్డ మీద గీత పడుతుంది. పేక వదులుగా పడితే గుడ్డ జల్లెడవుతుంది, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. మొదట్లో ముతక దుప్పటి, తువ్వాలు ఇచ్చేవారు. చెయ్యి తిరిగాక సన్న నూలు, రంగు మార్చే గళ్లు, ఇంకా పెద్దయ్యాక అంచు, పువ్వు. తప్పును దాచే దారి లేని చదువు ఇది. ఎంత నేశాడన్నది గజాల్లో, ఎలా నేశాడన్నది గుడ్డ మీద కనబడుతుంది. వారానికి ఇంత అని లక్ష్యం పెట్టేది కూడా సంతే. సంత రోజుకు గుడ్డ తెగకపోతే ఇంట్లో జొన్నలు లేవు.

ఈ వర్ణన చదివి మురిసిపోవడం తేలిక. మురిసిపోయేవాళ్లు రెండో వైపూ చూడాలి. మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో పిల్లవాడి చేతులు కూడా ఆ బాకీలో భాగమే. పదమూడేళ్ల వాడు గుంటలోకి దిగింది నైపుణ్యం కోసమా, వడ్డీ కోసమా అని విడదీయడం అక్కడ కుదరదు. వాడి ముందున్న లక్ష్యం తండ్రి చేరిన చోటు. అంతకు మించి పోయే దారిని ఎవరూ చూపలేదు, అసలు ఉండేది కూడా కాదు. ఆడపిల్లల సంగతి మరీ విచిత్రం. రాట్నం, కండెలు, గంజి, అతుకు అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడిచేవి. కూలి లెక్క రాసేటప్పుడు మాత్రం మగ్గం మగవాడి పేరునే ఉండేది.

ఈ అప్పుల లెక్కలోకి 1938లో మాచాని సోమప్ప వచ్చారు. ఆ ఏడాది ఆయన పూనికతో ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం మొదలైంది. ఊళ్లో అందరూ వాడే పేరు వైడబ్ల్యూసీఎస్. అది మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఉన్న కాలం. మిల్లు గుడ్డ పోటీకి తట్టుకోలేక మగ్గాలు ఆగిపోతుంటే సహకార సంఘాలే దారి అని గాంధేయులూ, ప్రభుత్వమూ ఒకే మాట మీద ఉన్న అరుదైన సందర్భం. మూడేళ్ల ముందే, 1935లో, ఇప్పుడు కో-ఆప్టెక్స్ అని పిలిచే రాజధాని స్థాయి నేత సంఘం ఏర్పడింది. అలాంటి చోట సభ్యుడికి నూలు సంఘమే ఇస్తుంది, నేసిన గుడ్డ సంఘమే తీసుకుని కూలి ఇస్తుంది, అమ్ముకునే బాధ సంఘానిది. షావుకారు తలుపు తట్టాల్సిన అవసరం తప్పుతుంది.

గుడ్డ తీసుకునే బల్ల దగ్గర కొలత కచ్చితం. పొడవు, వెడల్పు, బరువు, అంగుళానికి పడిన పోగులు చూస్తారు. తక్కువైతే కూలి కోత. నేత నేర్చుకుంటున్న కుర్రాడికి ఇది కొత్త అనుభవం. ఇంట్లో నాన్న ‘సర్లే’ అన్న గుడ్డను బల్ల వెనుక మనిషి పక్కన పెట్టేయవచ్చు. పరాయి కంటికి నచ్చేలా, దూరపు ఊళ్ల గిరాకీకి సరిపోయేలా నేయాలన్న గురి అక్కడ పుట్టింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు, కర్టెన్ గుడ్డలు ఆ పేరుతోనే బయటి బజార్లకు వెళ్లాయి. నేతగాళ్ల కోసం కట్టిన వీవర్స్ కాలనీ ఊరికి కొత్త పేట అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. మరుసటి ఏడాది, పద్మ పురస్కారాలు మొదలైన మొదటి సంవత్సరంలోనే, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఊరి నడిబొడ్డున ఆయన పేరుతో సర్కిల్ ఉంది.

మగ్గం మీద రాబడి కాస్త నిలకడైన ఇంట్లో ముందుగా జరిగేది ఒకటుంది. చిన్న కొడుకును గుంటలో నుంచి లేపి బడికి పంపుతారు. చేనేత సంఘాల చరిత్ర రాసేవాళ్లు ఎంత గుడ్డ అమ్ముడుపోయిందో లెక్కిస్తారు గానీ, సంఘం ఎంత మంది పిల్లల్ని మగ్గం నుంచి తప్పించిందో లెక్కించరు. ఆ లెక్కలో వైడబ్ల్యూసీఎస్ విజయం దాని మగ్గాలకే నష్టం తెచ్చింది. చదువుకున్న తరం వృత్తిలోకి తిరిగి రాలేదు. మరమగ్గాలు, మిల్లు దుప్పట్లు మిగతా పని పూర్తి చేశాయి.

బడికి వెళ్లిన పిల్లలకు కొత్త లక్ష్యం కావాలి. ఆ లక్ష్యం తెలంగాణలోని ఒక పల్లెలో తయారైంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదటి గురుకుల పాఠశాల తెరిచింది. పల్లె పిల్లల్లో చురుకైనవాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకోవడం, తిండీ బసా ఉచితంగా ఇవ్వడం, పంతుళ్లు పిల్లలతోపాటు అక్కడే కాపురం ఉండడం. 1972లో కోస్తాకు తాడికొండ, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి వచ్చాయి. ‘కొడిగెనహళ్లిలో సీటొచ్చింది’ అన్న మాటకు సీమ పల్లెల్లో ఒక తరం పాటు ఉన్న విలువ ఇప్పటి ఐఐటీ సీటుకైనా ఉందా అన్నది అనుమానమే. ఊరి పంతులు తన క్లాసులో ఒకణ్ణి గుర్తుపట్టి, సాయంత్రాలు ఇంటికి పిలిపించుకుని లెక్కలు చేయించి, దరఖాస్తు తానే నింపి, బస్సు చార్జీ ఇచ్చి పరీక్షకు తీసుకుపోవడం అప్పుడే అలవాటైంది. కౌమారంలోని పిల్లలకు దారి చూపడం అన్న పనికి ఈ ప్రాంతంలో దొరికే తొలి రూపాల్లో అదొకటి. దానికి పథకం లేదు, పేరు లేదు, జీతం అంతకన్నా లేదు.

అదే పి.వి. 1985 సెప్టెంబరులో కేంద్ర మానవ వనరుల మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది జాతీయ విద్యా విధానం వచ్చింది, జిల్లాకొక నవోదయ విద్యాలయం అన్న ఆలోచన దాంతోపాటే ఊపందుకుంది. కర్నూలు జిల్లా నవోదయ పడింది ఎమ్మిగనూరు మండలంలోని బనవాసిలో. కృషి విజ్ఞాన కేంద్రం, పశువుల ఫారం ఉన్న ఊరు అది. ఆ తర్వాత అక్కడే బాలికల గురుకుల పాఠశాల, బాలికల గురుకుల జూనియర్ కళాశాల కూడా నడిచాయి. నాలుగిళ్ల పల్లె అలా హాస్టళ్ల ఊరైంది.

నవోదయ లెక్క ఇలా ఉంటుంది. అయిదో తరగతి చదివే పిల్లలు జిల్లా అంతటా ఒకే పరీక్ష రాస్తారు. ఆరో తరగతిలోకి 80 మంది. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి. ఇంటర్ దాకా అక్కడే. పిల్లల్ని ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌస్‌లుగా విడదీస్తారు. ప్రతి హౌస్‌కూ ఒక టీచరు పెద్దదిక్కు. జ్వరం వస్తే ఆయనే, మార్కులు తగ్గితే ఆయనే, ఇంటి మీద బెంగ పెట్టుకుని గోడ దూకాలని చూస్తే పట్టుకునేదీ ఆయనే. పొద్దున వ్యాయామం, సాయంత్రం ఆటలు, రాత్రి టీచరు కళ్లెదుట చదువు. తొమ్మిదో తరగతిలో మరో విచిత్రం. క్లాసులో 30 శాతం మందిని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. ఆదోని పల్లె నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడు రొట్టె, పప్పు తింటూ హిందీలో జోకులు వేయడం నేర్చుకుని తిరిగొస్తాడు. ఉత్తరాది పిల్లవాడు బనవాసిలో జొన్నరొట్టెకు గోంగూర నంజుకోవడం నేర్చుకుంటాడు. 2007 నుంచి దక్షణ ఫౌండేషన్ నవోదయల్లోని చురుకైన పిల్లల్ని ఎంచి ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలకు ఉచిత శిక్షణ ఇస్తోంది. ఆరో తరగతిలో చేరేటప్పుడు తల్లిదండ్రులు విననైనా వినని పరీక్షలు అవి.

ఈ ఏర్పాటు గొప్పదే. కానీ 80 సీట్లు. జిల్లా మొత్తానికి.

తక్కినవాళ్ల సంగతి తెలియాలంటే పంటకాలం చూడాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతమైతే కర్నూలు జిల్లాది 60 శాతం. అప్పటికి జిల్లా మహిళల్లో సగం మందికి కూడా చదవడం వచ్చేది కాదు. అందులోనూ పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, మరీ వెనకబడ్డాయి. తుంగభద్ర దిగువ కాలువ అందని నేలల్లో వాన మీద పండే పత్తి, వేరుశనగ చేతికొచ్చాక ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. ఇక్కడి మాటలో ‘సుగ్గికి పోవడం’. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను గుడి దగ్గర కూర్చోబెట్టి, పిల్లల్ని లారీ ఎక్కిస్తారు. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటే, సుగ్గి సరిగ్గా ఆ ముందు నెలల్లో వస్తుంది. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి అన్నం పెట్టే సీజనల్ హాస్టళ్లు అందుకోసం పుట్టాయి. చాలాచోట్ల అవి బడి గదిలో పరిచిన చాపలూ, రెండు పూటల భోజనమూ. అయినా ఒక పిల్లవాడు పది పాసవడానికీ, లారీ ఎక్కడానికీ మధ్య అడ్డం నిలిచినవి అవే.

సీడు పత్తి మరో కథ. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుచేయాలంటే ఒక్కో పువ్వును చేత్తో విప్పి పుప్పొడి కేసరాలను తీసేసి, మర్నాడు పొద్దున మరో మొక్క పుప్పొడి అద్దాలి. ఇలా మూడు నెలలకు పైగా, రోజూ. ఆ పనికి ఆడపిల్లల్నే ఎక్కువగా పెట్టేవారు. కూలి తక్కువ, అడ్వాన్సు ఇంటి పెద్ద చేతికి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల చేలలో ఈ సంగతి 1990ల చివర్లో దేశం కంట్లో పడింది. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్న సూటి మాటతో శాంతా సిన్హా నడిపిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, పని మానిన పెద్ద పిల్లల కోసం బ్రిడ్జి క్యాంపులు పెట్టింది. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మళ్లీ చేలోకే పోతుంది. కాబట్టి కొన్ని నెలలు క్యాంపులో ఉంచి, తన వయసు పిల్లలున్న తరగతికి తీసుకెళ్లి చేర్చేవారు. ఈ పనికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

ఆ తర్వాత గురిపెట్టడానికి మెట్లు పెరిగాయి. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కుల మీదే సీటు, సర్కారు బళ్లో చదివినవాళ్లకు అదనంగా కొంత వెసులుబాటు. వాటిలో ఒకటున్న ఇడుపులపాయ అన్న మాట ఆదోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లక్ష్యానికి మారుపేరైంది. అదే కాలంలో మొదలైన ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష ఇంకా చిన్న మెట్టు. ఎనిమిదో తరగతిలో రాసి గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి ఇప్పుడు 12,000 రూపాయలు. నెలకు వెయ్యి అంటే పట్నంలో లెక్కలోకి రాదు. సుగ్గికి పోయే ఇంట్లో, పిల్లను ఆపడానికి టీచరు తండ్రితో జరిపే బేరంలో అది గట్టి మాట.

ఆడపిల్లల లెక్కకు తిరిగి వస్తే, 2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టింది. ఆడవాళ్ల చదువు వెనకబడిన మండలాల్లో, బడి మానిన ఆడపిల్లల కోసం హాస్టలుతో కూడిన బడి. కర్నూలు పడమటి మండలాల కోసమే రాసినట్టున్న పథకం. మొదట ఆరు నుంచి ఎనిమిది దాకానే. చదువులో అది అర్ధాంతరంగా ఆగే చోటు. పద్నాలుగేళ్లకు ఇంటికొచ్చిన పిల్లకు ముందున్నది పెళ్లే. తర్వాత పదో తరగతి దాకా పెంచారు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక ఇంటర్ దాకా పెంచే వీలు కలిగింది.

ఆ పెంపు విలువ 2024 ఏప్రిల్‌లో తెలిసింది. ఆదోని మండలంలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయి అంతకు ముందు పదో తరగతిలో 600కు 537 మార్కులు తెచ్చుకుంది. ముగ్గురు అక్కలకు అప్పటికే పెళ్లిళ్లు అయ్యాయి. పై చదువుకు స్తోమత లేదు, దగ్గర్లో కాలేజీ లేదు. తల్లిదండ్రులు సంబంధం చూశారు. ఇంటింటికీ తిరుగుతూ తమ వీధికి వచ్చిన ఎమ్మెల్యేతో, తాను చదువుకుంటానని ఆ అమ్మాయి తానే చెప్పింది. సంగతి అప్పటి కలెక్టరు జి. సృజన దాకా వెళ్లింది. అధికారులు పెళ్లి ఆపించి, ఆస్పరి కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ బైపీసీలో చేర్పించారు. మొదటి సంవత్సరం ఫలితాల్లో 440కి 421 తెచ్చుకుని ఆమె రాష్ట్రమంతటా వార్త అయింది. ఐపీఎస్ అవుతానని, బాల్యవివాహాల మీద పనిచేస్తానని చెప్పింది.

పత్రికలు దీన్ని ఒంటరి పోరాటంగా రాశాయి. ధైర్యం ఆమెదే, సందేహం లేదు. అయితే ఆమె నోరు విప్పిన తర్వాత జరిగినదానికి కొన్ని ఏర్పాట్లు ముందే సిద్ధంగా ఉండాలి. పెళ్లి ఆపడానికి 2006 నాటి చట్టం, ఫిర్యాదు వినే అధికారి, ఫీజు అడగని హాస్టలు, ఆ హాస్టల్లో బైపీసీ చెప్పే టీచర్లు. 2004 నాటి నిబంధనే కొనసాగి ఉంటే కస్తూర్బా చదువు ఎనిమిదో తరగతితో ముగిసేది, పది పాసైన అమ్మాయిని చేర్చుకోవడానికి ఆస్పరిలో తరగతే ఉండేది కాదు.